పద్దెనిమిదో గ్రీన్‌లోని పల్లం

గడ్డి ఉద్యోగం

మా ఆయన ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేశారు. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ఆయన ఉద్యోగం గురించి ఒక్క ప్రశ్నతో సరిపోయేది. నా దగ్గరికి వచ్చేసరికి అన్నం చల్లారిపోయేది.

"మీరేం చేస్తారండీ?"

"గోల్ఫ్ కోర్సులో సూపరింటెండెంట్‌ని."

"ఓహో, ఆట నేర్పిస్తారా?"

"లేదండీ, గడ్డి పెంచుతాను."

ఆ మాట తర్వాత ఎవరో ఒకరు పెరుగు గిన్నె నా వైపు జరిపేవారు. టొరంటో పక్కనున్న ఏజాక్స్‌లో ఒక డాక్టరు గారైతే నా భుజం తట్టి, "ఫర్వాలేదమ్మా, ఈ దేశం వచ్చిన కొత్తలో అందరం ఏదో ఒకటి చేసినవాళ్ళమే" అని ఓదార్చారు. అప్పటికి నేను ఆ కోర్సుకి సూపరింటెండెంట్‌నై చాలా ఏళ్ళయింది. ఆయన జాలి చూసి నిజం చెప్పబుద్ధి కాలేదు. "ఏం చేస్తాం అంకుల్" అని నిట్టూర్చి ఇంకో గారె వేయించుకున్నాను.

మన భాషలో గడ్డికి గౌరవం తక్కువ. గడ్డి పెట్టడమంటే తిట్టడం. గడ్డి తినడమంటే చేయరాని పని చేయడం. అగ్రికల్చర్‌లో ఎమ్మెస్సీ చదివి, కెనడాలోని ఒంటారియోలో నా జీవితమంతా గడ్డికే ధారపోశానంటే మా నంద్యాల చుట్టాలకి ఇప్పటికీ నవ్వే. నాక్కూడా నవ్వే, కానీ అది వేరే నవ్వు.

ఈమధ్య మన పిల్లలు కొందరు ఇక్కడికి హార్టికల్చర్ డిప్లొమాలకి వచ్చి, గోల్ఫ్ కోర్సుల్లో సీజనల్ పనికి చేరుతున్నారు. ఎవరో నా నంబరిస్తే ఫోన్ చేస్తారు. "ఆంటీ, ఇందులో ఫ్యూచర్ ఉంటుందా?" అని అడుగుతారు. వర్క్ పర్మిట్లూ ప్రమోషన్లూ చెప్పేవాళ్ళు వేరే ఉన్నారు. నేను చెప్పగలిగింది, ఈ పనిలో పిచ్చి ఆనందం ఉంటుందని. నమ్మరని తెలుసు. అందుకే ఉద్యోగంలో నా ఆఖరి ఏడాదిలో జరిగిన సంగతి రాస్తున్నాను.

మోకాళ్ళు

ముందు ఒక్క మాట నా మొదటి బాసు గురించి. మనుయెల్ గారు పోర్చుగల్ వాళ్ళ దీవుల నుంచి వచ్చిన మనిషి. ఒంటారియోలోని మా కేంబ్రిడ్జ్‌లో వాళ్ళవాళ్ళు చాలామందే ఉన్నారు. ఇంటర్వ్యూకి నేను సర్టిఫికెట్లన్నీ ఫైల్లో పెట్టుకుని, పట్టుచీర మీద కోటు తొడుక్కుని వెళ్ళాను. ఆయన ఫైలు తెరవలేదు. నన్ను ఎగాదిగా చూసి ఒకటే అడిగాడు.

"మోకాళ్ళు బాగున్నాయా?"

బాగున్నాయన్నాను. "రేపు రా. ఈ బట్టలు మాత్రం వద్దు" అన్నాడు.

గోల్ఫ్ ఎరగనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఆట మొత్తం పద్దెనిమిది రంధ్రాల్లో బంతి వేయడం. ఒక్కో రంధ్రం చుట్టూ తివాచీలా కత్తిరించిన గడ్డి ఉంటుంది. దాన్ని గ్రీన్ అంటారు. అక్కడ బంతిని గాల్లోకి లేపరు, నేల మీద దొర్లిస్తారు. దొర్లించే ఆ దెబ్బని పట్ అంటారు. మైదానమంతా ఎంత బాగున్నా, గ్రీన్ మీద ఒక బొప్పి ఉంటే సూపరింటెండెంట్‌కి ఆ రోజు భోజనం దక్కదు.

మనుయెల్ గారు రోజూ నన్ను గ్రీన్ మీద మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, అరచెయ్యి ఆనించమనేవాడు. "గడ్డికి దాహంగా ఉందా, జ్వరంగా ఉందా చెప్పు" అనేవాడు. తప్పు చెబితే కోర్సు పక్కన పారే నది అవతలికి వినబడేలా అరిచేవాడు. ఆయన నాకు గడ్డి పెట్టాడు, రెండర్థాల్లోనూ. మనుషులతో మాట్లాడ్డం మాత్రం ఆయనకి చేతకాలేదు. క్లబ్ సభ్యులతో తగవు పడని వారం లేదు. ఆయన దగ్గర గడ్డి నేర్చుకున్నాను. నోరు అదుపులో పెట్టుకోవడం ఆయన్ని చూసి నేర్చుకున్నాను. బాసుల దగ్గర రెండూ నేర్చుకోవచ్చు. ఏది ఎలా నేర్చుకోవాలో మీకే తెలియాలి.

గోడ మీద ఫొటో

మా క్లబ్ భోజనాల గదిలో ఒక పెద్ద నలుపు తెలుపు ఫొటో ఉంది. పంతొమ్మిది వందల యాభైలలో మగవాళ్ళ పెద్ద ఛాంపియన్‌షిప్ ఒకసారి మా కోర్సు మీద జరిగింది. అది ఆ రోజుది. అమెరికా నుంచి వచ్చి గెలిచినాయన చేతులు రెండూ పైకెత్తి ఉంటాడు. వెనక జనం, టోపీలు గాల్లో. ఫొటో అంచున సన్నటి కుర్రాడొకడు తలొంచుకుని నేల వైపు చూస్తుంటాడు. ఆ కుర్రాడే ఆర్థర్. మా ఊరివాడు. చివరి గ్రీన్ మీద, మనిషి పొడవంత దూరం కూడా లేని చిన్న పట్ వేస్తే టై అయ్యేది. అది తప్పింది. చేతులు వణికాయని పేపర్లు రాశాయట.

అప్పట్నుంచి మా క్లబ్‌లో ఎవరు చిన్న పట్ తప్పినా "ఆర్థర్ కొట్టాడు" అంటారు. పేరు కాస్తా క్రియాపదమైపోయింది. ఆ అవమానంతో ఆయన మళ్ళీ ఈ క్లబ్ గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నాడని కూడా చెప్పుకునేవారు. నేనూ అదే విన్నాను, కొత్తగా చేరినవాళ్ళకి అదే చెప్పాను.

నా ఆఖరి ఏడాదికి ముందు వేసవిలో, క్లబ్ ప్రెసిడెంట్ గ్రెగ్ నా ఆఫీసుకి వచ్చాడు. గ్రెగ్ పళ్ళ డాక్టరు. మంచి మనిషే, కానీ ఎక్కడైనా గోధుమరంగు మచ్చ కనిపిస్తే పుచ్చిన పన్ను చూసినట్టు చూసేవాడు.

"శారదా, వచ్చే జూన్‌లో ఆ ఛాంపియన్‌షిప్‌ని మళ్ళీ ఆడదాం. అప్పటి బట్టలు, అప్పటి కర్రలు, అప్పటి కోర్సు. పద్దెనిమిదో గ్రీన్‌ని అప్పట్లా చేయగలవా?"

నేను చేరకముందే, బంతి వేగంగా దొర్లాలని సభ్యులు పట్టుబడితే ఆ గ్రీన్‌ని మట్టి పోసి చదును చేసేశారు. అప్పటి ఎత్తుపల్లాలు ఎలా ఉండేవో ఎవరికీ తెలియదు. ఫొటోలో నేల కన్నా టోపీలే ఎక్కువ కనిపిస్తాయి.

"చూసినవాళ్ళు ఎవరైనా మిగిలారా?" అన్నాను.

"ఆర్థర్ ఉన్నాడట, తొంభై దాటాయి. కానీ ఆయన ఒట్టు సంగతి నీకు తెలుసుగా."

నా అసిస్టెంట్ హారిక పక్కనే ఉంది. వరంగల్ పిల్ల. టొరంటోలో సాఫ్ట్‌వేర్ చేస్తూ చేస్తూ, ఒకనాడు కిటికీలోంచి కనిపించే లాన్ మీద మనసు పడి, ఉద్యోగం మానేసి డిప్లొమా చదివి మా దగ్గర చేరింది. నన్ను 'ఆంటీ' అనవద్దంటే 'మేడమ్' దగ్గర ఆగింది. సాయంత్రానికి ఆర్థర్ నంబరు ఎలా సంపాదించిందో సంపాదించింది. "చేయండి మేడమ్, మహా అంటే ఏమైతది, తిడతడు" అంది.

మా మాటలు ఇంగ్లీషులోనే జరిగాయి. నాకు గుర్తున్నట్టు తెలుగులో రాస్తాను.

"సర్, మీరు ఇటు రానని ఒట్టు పెట్టుకున్నారని విన్నాను, అయినా ధైర్యం చేసి..."

"ఒట్టా? ఎవరు పెట్టుకున్నారు?"

"మీరే. ఆ ఛాంపియన్‌షిప్ తర్వాత."

అవతల నవ్వు వినబడింది. దగ్గుతూ, ఆగుతూ, మళ్ళీ అందుకుంటూ నవ్వాడు.

"అమ్మాయీ, నన్నెవరూ పిలవలేదు. పిలవకుండా ఎలా వస్తాను?"

పిలవని పేరంటానికి వెళ్ళకూడదని మనకే కాదు, వాళ్ళకీ ఉంటుంది. ఇన్నేళ్ళూ ఒక క్లబ్బు క్లబ్బంతా ఆయన గుండె పగిలిందని కథ అల్లుకుంది తప్ప, ఒక్కరు ఫోన్ తీయలేదు.

బంగాళదుంపల గ్రీన్

ఆ ఆదివారమే హారికా నేనూ హైవే మీద ఏజాక్స్ వెళ్ళాం. ఆర్థర్ అక్కడ కూతురు మార్గరెట్ దగ్గర ఉంటున్నాడు. మార్గరెట్‌కి డెబ్భై దగ్గరపడుతున్నాయి. మమ్మల్ని తిన్నగా భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టింది. మెత్తగా మెదిపిన బంగాళదుంపలు, బఠాణీలు, గ్రేవీ. నేను పులిహోర పట్టుకెళ్ళాను. ఆర్థర్ దాన్ని అనుమానంగా రుచి చూసి, ఆ తర్వాత ఎవరికీ మిగల్చలేదు.

"గ్రీన్ ఎలా ఉండేదో గుర్తుందా సర్?" అన్నాను.

"గుర్తుందా అని అడుగుతోందమ్మా!" అని కూతురి వైపు తిరిగాడు.

మార్గరెట్ కళ్ళు మూసుకుంది. "వద్దు నాన్నా, భోజనం చేస్తున్నారు."

ఆయన వినలేదు. బంగాళదుంపల ముద్ద మొత్తం తన ప్లేటులోకి ఒంపుకుని, చెంచా వెనకవైపుతో అద్దడం మొదలెట్టాడు. ముందు భాగం వాలు, మధ్యలో ఒక మూపు, వెనక ఎడమవైపు చెంచాతో సుతారంగా నొక్కిన పల్లం. పల్లానికి పక్కనే ఫోర్కుతో చిన్న రంధ్రం. అప్పుడొక బఠాణీ తీసి పెట్టాడు.

"అందరూ నా చేతులు వణికాయన్నారు. వణకలేదు. నేరుగా కొట్టాను. నేరుగా కొట్టడమే తప్పు. చివరి జానెడు దూరంలో ఈ పల్లం బంతిని లాగేసింది. చూడండి."

చెంచాతో బఠాణీని తోశాడు. అది నేరుగా వెళ్ళి, రంధ్రం దగ్గర మెల్లగా ఎడమకి ఒరిగి పక్కనుంచి జారిపోయింది.

"మేడమ్, తిరిగింది చూసిన్రా! కరెక్ట్‌గా తిరిగింది!" హారిక తెలుగులో అరిచేసి, లేచి నిలబడి ఫోన్‌తో అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసింది.

"ఈ పాఠం మా అమ్మకి పెళ్ళినాటి నుంచి, నాకు పుట్టినప్పటి నుంచి" అంది మార్గరెట్. నవ్వుతూనే అంది. కానీ మమ్మల్ని కారు దాకా సాగనంపుతూ గొంతు తగ్గించింది. "ఎవరూ నమ్మలేదు. ఆ గ్రీన్‌ని చదును చేశారని తెలిసిన రోజు ఆయన అన్నం తినలేదు. ఇక చూపించడానికి కూడా ఏం లేదు కదా అన్నారు."

మేము లోపలికి తొంగి చూసేసరికి ఆయన గ్రేవీ పోసుకుని గ్రీన్ మొత్తం తినేస్తున్నాడు.

తవ్వితే

గ్రెగ్ ఫొటోలు చూసి తల పట్టుకున్నాడు. "బంగాళదుంపల్ని చూపించి క్లబ్ కమిటీని ఎలా ఒప్పించమంటావు?"

"నేలని అడుగుదాం" అన్నాను.

ఆకులు రాలే కాలంలో, ఆట తగ్గాక, పద్దెనిమిదో గ్రీన్ మీది గడ్డిని పొరలు పొరలుగా, చాపలు చుట్టినట్టు చుట్టి పక్కన పెట్టాం. కింద చదును చేయడానికి పోసిన పసుపు రంగు ఇసుక. దానికి అడ్డంగా సన్నటి కాలువ తవ్వాం. పిల్లలూ, ఇది మీకు క్లాసులో చెబుతారు కానీ చూస్తే వేరు. గడ్డి ఏళ్ళ తరబడి పెరిగిన నేల నల్లబడుతుంది. దాని మీద కొత్త మట్టి పోస్తే, పాత నేల లోపల నల్లటి చారలా మిగిలిపోతుంది. కేకులో మధ్య పొరలాగ.

చార కనిపించింది. కుడి నుంచి ఎడమకి సమంగా వచ్చింది. వెనక ఎడమ మూలకి వచ్చేసరికి, మూకుడు అడుగులా కిందికి దిగి మళ్ళీ పైకి లేచింది.

హారిక కాలువలోకి దూకి, చారని వేలితో తడుముతూ పోయింది. "ఉంది మేడమ్! పల్లం ఉంది! ముసలాయన చెప్పిన కాడనే ఉంది!"

గ్రెగ్‌కి ఫోన్ చేస్తే క్లినిక్ నుంచి పరుగెత్తుకొచ్చాడు. మాస్కు మెడలో వేలాడుతూనే ఉంది. ఎవరి నోరో తెరిపించి ఉంచి వచ్చాడేమోనని భయపడ్డాను. ఖరీదైన ప్యాంటుతో మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని ఆ చార వంక చూస్తూ ఉండిపోయాడు.

"వణకలేదు" అన్నాడు చివరికి. "శారదా, మా నాన్న కూడా ఆయన్ని వెక్కిరించేవాడు. ఆయన చేతులు వణకలేదు."

మేం ముగ్గురం ఆ కాలువలో నిలబడి, మట్టి చేతులతో ఒకళ్ళ వీపులు ఒకళ్ళం చరుచుకుని నవ్వుకున్నాం. ఆర్థర్‌కి చెప్పలేదు. జూన్‌లో ఆయన తన కళ్ళతోనే చూడాలని అనుకున్నాం. నల్లచార వెంబడి కొత్త మట్టి తీసేసి, పాత ఎత్తుపల్లాలు అలాగే తేల్చి, గడ్డి చాపలు మళ్ళీ పరిచాం.

నీరు పల్లమెరుగు

నిజం దేవుడెరుగు, నీరు పల్లమెరుగు అంటారు. ఆ శీతాకాలం నడిమధ్యలో వాన పడింది. గడ్డకట్టిన నేల మీద పడ్డ నీరు ఎటూ ఇంకలేక, వెతుక్కుంటూ వెళ్ళి మేము ముచ్చటపడి తవ్విన పల్లంలో చేరింది. మర్నాడే గట్టి చలి. అద్దంలాంటి మంచు పలక ఆ మూల మీద బిగుసుకుంది. మంచు కింద గడ్డికి ఊపిరాడదు. పైగా ఆ గడ్డి ఒకసారి లేపి పరిచిన గడ్డి, వేళ్ళు ఇంకా దిగలేదు.

మార్చిలో ఆ మూల నుంచి కొన్ని గడ్డి ముక్కలు కోసి ఇంటికి తెచ్చి, స్టీల్ టిఫిన్ డబ్బాల్లో పెట్టి వంటింటి కిటికీలో ఉంచాను. వెచ్చదనానికి పచ్చబడితే బతికున్నట్టు. మా ఆయన రిటైరై ఖాళీగా ఉన్నారేమో, వాటికి నీళ్ళు చల్లే బాధ్యత తీసుకున్నారు. "లేవండర్రా, తెల్లారింది" అని పొద్దున్నే పలకరించేవారు. గట్టు మీది ముక్కలు పచ్చబడ్డాయి. పల్లంలోవి గడ్డిమేటు రంగులోనే ఉండిపోయాయి.

"శారదా, వీళ్ళు లేవరే" అన్నారు ఒకరోజు, నిజంగానే దిగులుపడి.

కమిటీ కూర్చుంది. గ్రెగ్ మొహం వాడిపోయి ఉంది. "పల్లం పూడ్చేసి, రంధ్రం కుడివైపుకి మార్చేద్దాం. వచ్చేవాళ్ళెవరికీ తెలియదు."

"ఆర్థర్‌కి తెలుస్తుంది."

"ఆయనకి తొంభై దాటాయి శారదా."

"అందుకే, గ్రెగ్. ఆయన్ని వచ్చే ఏడాది రమ్మనలేం."

ఈ ఉద్యోగంలో మీరు ఎప్పుడో ఒకప్పుడు ఒక గదిలో కూర్చుని, నోరులేని గడ్డి తరఫున మాట్లాడాలి. గొంతు పెంచకండి. "నాకు ఇంత చోటు కావాలి, ఇంత సమయం కావాలి, మిగతాది నా పూచీ" అని చెప్పి ఊరుకోండి. నేను అదే చెప్పాను. గ్రెగ్ చాలాసేపు పెన్ను తిప్పి, "సరే, నీ పల్లం నీది" అన్నాడు. ఇది రాస్తున్నందుకు ఏమనుకోడు కానీ, ఆ మాట అన్న క్షణం నుంచి ఆయన్ని నేను బాసుగా గౌరవించాను. అంతకుముందు వరకు పళ్ళ డాక్టరుగానే.

పల్లం అడుగున నీరు పోయేందుకు సన్నటి గొట్టం వేశాం. చచ్చిన గడ్డిని చీల్చి, గీతలు గీసి, పొడిలాంటి గడ్డి గింజలు చల్లి, పైన గాలాడే దుప్పటి కప్పాం. ఏప్రిల్ అంతా చలి. మే మొదట్లో మంచు కురిసింది. దుప్పటి ఎత్తి చూడ్డం, దించడం. మట్టే. మర్నాడు ఎత్తడం, మట్టే. ఇంట్లో మా ఆయన "ఏమైనా?" అని అడగడం మానేశారు, నా మొహం చూసి తెలుసుకునేవారు.

ఒకరోజు ఎండ కాసింది. నేను షెడ్ దగ్గర ఉండగా కేక వినబడింది. పరుగెత్తాను. హారిక పద్దెనిమిదో గ్రీన్ మీద బోర్లా పడి ఉంది, చెంప నేలకి ఆనించి.

"ఏమైంది హారికా?"

"కూసోకండి మేడమ్, పండుకొని చూడండి! నిలబడితే కనపడది!"

నేనూ పక్కన బోర్లా పడుకుని చెంప ఆనించాను. ఎండకి ఎదురుగా, మట్టి మీద సన్నటి పచ్చటి నూగు. కొత్తగా మీసం వస్తున్న పిల్లాడి పై పెదవిలా. పల్లం నిండా ఉంది. ఇద్దరం నేల మీద పడుకునే పగలబడి నవ్వడం మొదలెట్టాం. హారిక కాళ్ళు గాల్లో కొట్టుకుంటోంది. దూరం నుంచి చూసిన సభ్యులిద్దరు మాకేదో ప్రాణం మీదికి వచ్చిందనుకుని, ఫస్ట్ ఎయిడ్ పెట్టెతో కార్టు వేసుకుని దూసుకొచ్చారు. వాళ్ళకి చెబితే, వాళ్ళూ పడుకుని చూశారు.

జూన్

జూన్ నాటికి పల్లం గడ్డితో నిండింది. మిగతా గ్రీన్ కంటే ఒక ఛాయ లేతగా ఉంది. గ్రెగ్ దాన్ని గమనించి కూడా ఏమీ అనలేదు. పెద్ద సంస్కారం.

ఆ రోజు కోర్సంతా పెళ్ళివారిల్లులా ఉంది. మగవాళ్ళు వదులు ప్యాంట్లు, టైలు కట్టుకుని చెమటలు కక్కుతూ ఆడారు. గడ్డిని అప్పట్లా కాస్త పొడవుగా ఉంచానేమో, బంతి వాళ్ళు అనుకున్నంత దూరం దొర్లడం లేదు. ఎప్పుడూ గ్రీన్లు నెమ్మదిగా ఉన్నాయని నా మీద ఫిర్యాదులు రాసే ఒక పెద్దమనిషి నా దగ్గరికొచ్చి, "శారదా, ఆ కాలంవాళ్ళు మనుషులేనా?" అని అడిగి వెళ్ళాడు. చెవులకి పండగ చేసుకున్నాను.

మధ్యాహ్నం మార్గరెట్ కారు వచ్చింది. ఆర్థర్ దిగాడు. నల్లకోటు, టై, చేతిలో పాత పట్టర్ కర్ర, ముందు వాకర్. వాకర్ కాళ్ళకి, నేల గీసుకోకుండా, పచ్చటి టెన్నిస్ బంతులు తొడిగి ఉన్నాయి. పద్దెనిమిదో గ్రీన్ చుట్టూ తాడు కట్టి, జనమంతా గుమిగూడి ఉన్నారు. వంటవాళ్ళు ఏప్రాన్లతోనే వచ్చేశారు. మా ఆయన ముందు వరసలో ఉన్నారు.

ఆర్థర్ గ్రీన్ అంచున ఆగాడు. ముందు వాలు చూశాడు. మూపు చూశాడు. తర్వాత వెనక ఎడమ మూల వైపు చూసి, కదలకుండా ఉండిపోయాడు.

"ఉంది" అన్నాడు.

"మేం చేసింది కాదు సర్. మట్టి కింద అలాగే ఉంది. తవ్వితే కనబడింది" అన్నాను.

ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు. తర్వాత వాకర్ వంక చూసుకుని, "నీ గడ్డి మీద దీంతో నడవనా?" అన్నాడు. గ్రీన్ మీద కాలు ఈడ్చినవాళ్ళకి జీవితమంతా గడ్డి పెట్టిన మనిషిని నేను. "ట్రాక్టరు మీద వచ్చినా ఒప్పుకుంటాను సర్, నడవండి" అన్నాను.

రంధ్రం ఆనాటి ఛాంపియన్‌షిప్ చివరి రోజు ఉన్న చోటే పెట్టాం. హారిక జెండా తీసి పట్టుకుంది. ఆర్థర్ వాకర్ నాకిచ్చి, కర్ర పట్టుకుని నిలబడ్డాడు. జనానికి వినబడేలా చెప్పాడు.

"ఇది అప్పటి దెబ్బ. నేరుగా."

కొట్టాడు. బంతి నేరుగా వెళ్ళింది. చూస్తున్నవాళ్ళందరికీ లోపల పడిపోయిందనే అనిపించింది. చివరి జానెడు దూరంలో, ఎవరో కొంగు పట్టి లాగినట్టు, ఎడమకి ఒరిగి రంధ్రం పక్కనుంచి పోయింది.

జనం నుంచి "అయ్యో" అన్న నిట్టూర్పు. ఆ మధ్యలో ఒక్కడి కేక.

"చూశారా!" ఆర్థర్ కర్ర పైకెత్తేశాడు. "చూశారా! పోయింది! అచ్చం అలాగే పోయింది!"

తప్పిన పట్‌కి అంత చప్పట్లు నేనెప్పుడూ వినలేదు. మార్గరెట్ రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజాలు ఎగిసిపడుతున్నాయి. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. గ్రెగ్ తాడు దాటి వచ్చి, టోపీ తీసి, "సర్, ఇన్నేళ్ళూ మీ పేరు తప్పుగా వాడుకున్నాం. ఈ రోజు నుంచి అది లేదు" అన్నాడు. "ఉంచుకోండి. నేరుగా కొట్టినవాడు అని అర్థం చెప్పండి చాలు" అన్నాడు ఆర్థర్.

ఇంకో బంతి ఇమ్మన్నాడు. ఈసారి బాగా కుడికి గురిపెట్టాడు. మరీ కుడికి పోయి అక్కడే ఆగింది. "ఇదెవరి తప్పు?" అని ఎవరో అరిచారు. "ఇది నాదే!" అన్నాడు, జనంతో పాటు నవ్వుతూ. మూడో బంతి ఇచ్చాను. ఈసారి చాలాసేపు నిలబడ్డాడు. చిన్నగా తోశాడు. బంతి కుడిగా బయల్దేరి, పల్లం దగ్గర నెమ్మదించి, ఒరిగి, అంచు మీద ఆగినట్టే ఆగి, పడింది.

ఆ తర్వాత ఎవరు ఎవర్ని కౌగిలించుకున్నారో చెప్పలేను. టోపీలు ఎగిరాయి. హారిక జెండాతో పాటు గెంతుతోంది. తాడు ఎప్పుడు తెగిందో తెలియదు, జనమంతా గ్రీన్ మీదికి వచ్చేశారు. ఆర్థర్ వాకర్ మీద వాలి, నా వైపు పట్టర్ చాచాడు.

"ఇప్పుడు నువ్వు."

"నేను ఆడను సర్. నేను గడ్డి మాత్రమే పెంచుతాను."

"పెంచినదాని మీద ఒక్కసారైనా ఆడాలి" అన్నాడు.

వెనక నుంచి మా ఆయన గొంతు, ఆ వందలమంది మధ్యలో, శుద్ధ తెలుగులో: "కొట్టవే శారదా! భయమెందుకు, మనదే గ్రీను!"

జనం చోటిచ్చారు. హారిక బంతి పెట్టింది. పనిబూట్లతోనే నిలబడి, కళ్ళు సగం మూసుకుని కొట్టాను. ఎంత గట్టిగా కొట్టానంటే, బంతి రంధ్రం మీదుగా దూకి, పల్లం దాటి, గ్రీన్ దాటి, అవతలి ఇసుక గుంటలోకి దిగిపోయింది. ముందు ఆర్థర్ నవ్వు, ఆ వెనకే జనమంతా. మా ఆయన కళ్ళు తుడుచుకుంటున్నారు. నాకు నవ్వాగలేదు. ఎంతోమందిని అక్కడ కూర్చోవద్దని తరిమినదాన్ని, ఆ గ్రీన్ నడిమధ్యన చతికిలబడ్డాను. కింద గడ్డి చల్లగా, ఒత్తుగా ఉంది. లేవాలనిపించలేదు.